చెట్టు లేని కల్లు

యూరప్‌లో పిల్లలు చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తల్లిదండ్రులు ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "డాక్టరు గారూ, మా అబ్బాయి వస్తూ వస్తూ ఒక సీసా వైన్ తెచ్చిండు. తెల్లది. తీపి లేదు గనుక షుగర్ ఉన్నవాళ్ళు కూడా తాగవచ్చట. పెద్ద కంపెనీది కాదు, ఒక కుటుంబం తమ సొంత తోటలో పండించి చేసిందట. గుండెకు మంచిదేనా?" దీనికి నా జవాబు క్లుప్తమైనదే. అయితే ఆ సీసా ఎలా తయారైనదో తెలుసుకుంటే, మన ధర్మపురి చుట్టుపక్కల అమ్ముడవుతున్న మరొక సీసాను గురించి మనం అడగవలసిన ప్రశ్న స్పష్టమవుతుంది. అందుకే ఈ వ్యాసం కొంచెం దూరం నుండి మొదలుపెడుతున్నాను.

మన పట్టణాలలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప తక్కినవన్నీ దొరుకుతాయి. కనుక ముందు వైన్ అంటే ఏమిటో, దానిని 'డ్రై' అని ఎందుకు అంటారో చెప్పాలి. ద్రాక్షరసంలో లీటరుకు సుమారు 200 గ్రాముల చక్కెర ఉంటుంది. ఈస్టు అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని ఆల్కహాలుగానూ, బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాలు పుడుతుంది. చక్కెర దాదాపు అంతా అయిపోయే వరకు పులియనిస్తే తీపి లేని వైన్ వస్తుంది. అదే డ్రై వైన్. తెల్లవైన్ అయితే ద్రాక్షను పిండిన వెంటనే తొక్కలను తీసివేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. చక్కెర మాయం కాలేదు, ఆల్కహాలుగా మారి సీసాలోనే ఉన్నదన్న సంగతి గుర్తుంచుకోవాలి. 12 శాతం ఆల్కహాలు ఉన్న వైన్‌ను 150 మిల్లీలీటర్ల గ్లాసుతో ఒకటి తాగితే సుమారు 14 గ్రాముల ఆల్కహాలు శరీరంలోకి వెళుతుంది. గ్రాముకు 7 కేలరీల లెక్కన అదే 100 కేలరీలు.

మధుమేహం ఉన్నవారి విషయంలో అసలు ప్రమాదం ఈ కేలరీలు కావు. మనం భోజనం చేయని వేళలలో రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయం. ఆల్కహాలును విరిచే పనిలో పడిన కాలేయం కొత్త చక్కెరను తయారు చేయలేదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు రాత్రి సరిగా తినకుండా తాగి పడుకుంటే తెల్లవారుజామున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, తడబాటు, అయోమయం మొదలవుతాయి. నోటి దగ్గర వాసన ఉంటుంది గనుక ఇంట్లోవారు మత్తు అనుకొని వదిలేస్తారు. 'తీపి లేదు గనుక షుగర్‌కు మంచిది' అనే మాట వెనుక ఇంత ప్రమాదం ఉన్నది.

ఇక గుండె సంగతి. ఫ్రెంచివారు వెన్న, జున్ను, మాంసం బాగా తిన్నా వారిలో గుండెజబ్బులు తక్కువగా ఎందుకు ఉన్నాయని 1991లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం చర్చించింది. ఆ మరుసటి సంవత్సరం సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయన సహచరుడు 'లాన్సెట్' పత్రికలో వ్రాస్తూ వైన్ అందుకు కారణం కావచ్చునన్నారు. ప్రపంచమంతా ఆ మాటను ఇష్టంగా నమ్మింది. తాము చేస్తున్న పని మంచిదే అని చెప్పే వార్తను ఎవరు నమ్మరు? తరువాతి కాలంలో ఆ లెక్కలలోని లోపాలు బయటపడ్డాయి. 'అసలు తాగనివారు' అనే జాబితాలో జబ్బు చేసి తాగుడు మానుకున్నవారు కూడా ఉన్నారు. వారితో పోలిస్తే మితంగా తాగే, సంపన్నులైన, మంచి తిండి తినేవారు ఆరోగ్యంగా కనబడడంలో వింత ఏమున్నది? పైగా ఆ ప్రచారంలో మేలు చేసేవిగా చెప్పిన పదార్థాలు ద్రాక్ష తొక్కలో ఉంటాయి, తెల్లవైన్‌లో ఆ తొక్కే ఉండదు. ఆల్కహాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. కనుక గుండె కోసం, షుగర్ కోసం వైన్ తాగవలసిన పని లేదు. నా జవాబు అంతే.

అయితే 'ఒక కుటుంబం తమ సొంత తోటలో చేసినది' అన్న మాటను మాత్రం నేను తేలికగా కొట్టివేయను. ఆస్ట్రియా దేశంలో డాన్యూబ్ నది ఒడ్డున వాహౌ అనే లోయ ఉన్నది. మెల్క్, క్రెమ్స్ అనే రెండు పట్టణాల నడుమ, ఏటవాలు కొండలపై రాళ్ళు పేర్చి మెట్లు కట్టి తరతరాలుగా కుటుంబాలు ద్రాక్ష పండిస్తున్నాయి. 2000లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అక్కడ రాత్రులు చల్లగా ఉంటాయి గనుక కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు కోల్పోదు. గ్రూనర్ వెల్ట్‌లీనర్, రీస్లింగ్ అనే రకాలతో తీపి లేని తెల్లవైన్ చేస్తారు. చల్లని నేలమాళిగలో రసం రోజుల తరబడి, వారాల తరబడి పులుస్తుంది. ఆ తరువాత ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. కనుకనే దానిమీద సంవత్సరం వేసి, పేరు వేసి అమ్మగలుగుతున్నారు.

అటువంటి దేశంలో కూడా కల్తీ జరిగింది. 1985లో ఆస్ట్రియాలోని కొందరు ఉత్పత్తిదారులు, వ్యాపారులు పలుచని వైన్‌ను చిక్కగా, తియ్యగా అనిపించేలా చేయడానికి డైఇథిలీన్ గ్లైకాల్ కలిపారని జర్మనీలోని ప్రయోగశాలలు పట్టుకున్నాయి. 2022లో గాంబియాలో పసిపిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందులలో బయటపడిన విషాలలో అదీ ఒకటి. ఆస్ట్రియా వైన్ ఎగుమతులు దాదాపు కుప్పకూలాయి. ఏ పాపమూ ఎరుగని చిన్న తోటల కుటుంబాలు కూడా ఆ దెబ్బకు నష్టపోయాయి. ఆ సంవత్సరమే అక్కడి ప్రభుత్వం కఠినమైన చట్టం చేసింది. నాకు నచ్చినది ఆ చట్టం అనుసరించిన మార్గం. నాణ్యమైన వైన్‌గా అమ్మాలంటే హెక్టారుకు ఇంతకు మించి పండించరాదని పరిమితి ఉన్నది. ప్రతి సీసాకు ప్రభుత్వ పరీక్ష సంఖ్య ఉంటుంది. మూతమీద జాతీయ జెండా రంగుల పట్టీపై ఆ ఉత్పత్తిదారు సంఖ్య ఉంటుంది. అంటే తోటలో ఎన్ని తీగలున్నాయో, బజారులో ఎన్ని సీసాలున్నాయో ఈ రెంటికీ లంకె వేశారు. తీగలు లేని వైన్ అమ్మడం కష్టమైపోయింది. ఆ తరువాతనే ఆస్ట్రియా తీపి లేని తెల్లవైన్‌కు, చిన్న కుటుంబాల తోటలకు పేరుపొందింది.

ఇప్పుడు డాన్యూబ్ ఒడ్డు నుండి మన గోదావరి ఒడ్డుకు రండి. మనకు ద్రాక్షతోట లేదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే జగిత్యాల జిల్లాలో చల్లని నేలమాళిగ అన్న ఊహ కూడా రాదు. కాని ఒక కుటుంబం తన చెట్లను తానే గీసి, తెల్లని పానీయాన్ని తానే దించి అమ్మే వృత్తి మనకూ తరతరాలుగా ఉన్నది. చలికాలంలో ఈత, ఎండలు ముదిరేకొద్దీ తాడు. మోకు, ముస్తాదు కట్టుకొని గౌడన్న ప్రాణాలకు తెగించి ఎక్కి, గీత గీసి, లొట్టి కట్టి దిగుతాడు. చెట్టు పైనుంచి పడి వెన్నుపూస విరిగిన గీత కార్మికులకు వైద్యం చేసిన వాడిని గనుక ఆ సీసా వెల నాకు తెలుసు. (ఎవరైనా అలా పడితే కాళ్ళు చేతులు పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా పట్టుకొని బల్లమీదనో, తలుపు చెక్కమీదనో పడుకోబెట్టి 108కి కబురు చేయండి. విరిగిన ఎముక వెన్నుపామును కోస్తే కాళ్ళు మళ్ళీ రావు.)

కల్లు స్వభావం వైన్‌కు పూర్తిగా భిన్నమైనది. చెట్టు నుండి కారే నీరాలో సుమారు 10 నుండి 14 శాతం చక్కెర ఉంటుంది. గాలిలోనూ, లొట్టి అడుగునా ఉన్న ఈస్టు, బాక్టీరియా మన వేడికి వెంటనే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది. నీరా దించే పద్ధతి అదే. సున్నం లేకపోతే తెల్లవారేసరికే అది కల్లు. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుపెక్కుతుంది. మరునాటికి వెనిగర్ దారి పడుతుంది. వాహౌ లోయలో చలి ఇచ్చే వ్యవధి మన ఎండ ఇవ్వదు. చెట్టు కల్లును నిలువ చేయలేరు, దూరం పంపలేరు, రోజూ ఒకే రుచితో అందించలేరు. తెలిసిన పెద్దమనుషులు పొద్దున్నే మండువకు వెళ్ళి రేక పట్టేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. చెట్టు కల్లు కూడా మందు కాదు, మద్యమే. అందులో 4 నుండి 6 శాతం వరకు ఆల్కహాలు ఉంటుంది. 650 మిల్లీలీటర్ల సీసా, 5 శాతం అనుకుంటే, సుమారు 25 గ్రాముల ఆల్కహాలు. అంటే ఆ విదేశీ వైన్ దాదాపు రెండు గ్లాసులు. కల్లుతో మూత్రపిండాల రాళ్ళు కరుగుతాయని చాలామంది నమ్ముతారు. మూత్రం ఎక్కువగా పోవడం నిజం, రాయి కరగడం మాత్రం అబద్ధం. ఆ తరువాత శరీరంలో నీరు తగ్గి రాయికి మేలే జరుగుతుంది. ఈస్టు వలన కొన్ని బి విటమిన్లు ఉన్న మాట వాస్తవమే, అవి పెసర్లలోనూ, పల్లీలలోనూ ఉన్నాయి. గర్భిణికి చలువ అని, పసిబిడ్డకు నిద్ర అని కల్లు పట్టడం మాత్రం క్షమించరాని పని.

అయినా ఈ వ్యాసం చెట్టు కల్లు మీద కాదు. చెట్టు లేని కల్లు మీద.

ఒక తాటిచెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లు. ఒక మనిషి రోజుకు ఎక్కగలిగే చెట్లకు పరిమితి ఉన్నది. చెట్లు ఏడాది పొడుగునా ఒకే తీరుగా పారవు. తాటిమొక్క నాటితే గీతకు రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. చెట్లేమో ఏటేటా తరుగుతున్నాయి. ఇది చిన్నపిల్లలకు కూడా వచ్చే లెక్క. మరి ఉదయం నుండి రాత్రి వరకు, వానకూ ఎండకూ తేడా లేకుండా, ఒకే రుచితో, వందల సీసాలు అమ్మే దుకాణానికి కల్లు ఎక్కడి నుండి వస్తున్నది? నీళ్ళ నుండి వస్తున్నది. తీపికి శాకరిన్, తెలుపుకు కాస్త అసలు కల్లు, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్. చివరి రెండూ మేము ఆందోళన, నిద్రలేమి ఉన్న రోగులకు మిల్లీగ్రాముల లెక్కన, కొద్ది రోజులకు మాత్రమే వ్రాసే మందులు. అవే పొడి రూపంలో, చేతి అంచనాతో తొట్టెలో పడుతున్నాయి. ఈ రోజు సీసాలో ఎంత ఉన్నదో కలిపినవాడికే తెలియదు. కొంచెం ఎక్కువైతే మనిషి స్పృహ తప్పుతాడు, శ్వాస మందగిస్తుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రుల పాలైనవారు మరెందరో.

ఈ పాపాన్ని గీత కార్మికుల కులం మొత్తానికి అంటగట్టడం అన్యాయం. చెట్టెక్కే గౌడన్నను మొట్టమొదట ముంచింది ఈ పొడి కల్లే. నాలుగు లొట్లు దించి తెచ్చినవాడు తొట్టెడు నీళ్ళు కలిపినవాడితో ధరలో పోటీపడలేడు. ఆస్ట్రియాలో నిజాయితీగల ద్రాక్ష రైతు నష్టపోయింది కూడా ఇలాగే.

వైద్యునిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తాగడం కన్నా హఠాత్తుగా ఆగిపోవడం. రోజూ మూడు నాలుగు సీసాల కల్తీ కల్లు ఏళ్ళ తరబడి తాగినవారి మెదడు ఆ మత్తుమందుకు అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా అది అందకపోతే మెదడు అదుపు తప్పుతుంది. మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. తరువాత ఫిట్స్ వస్తాయి. గోడమీద చీమలు, పురుగులు పాకుతున్నట్లు కనబడతాయి, చనిపోయినవారు పిలుస్తున్నట్లు వినబడుతుంది. ఆల్ప్రజోలామ్ అయితే ఇది ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. డయజిపామ్ శరీరంలో ఎక్కువకాలం నిలుస్తుంది గనుక నాలుగైదు రోజులు బాగానే ఉండి, గండం గడిచిందనుకున్న తరువాత మొదలు కావచ్చు. ఇంట్లోవారికి దీనికీ కల్లుకూ సంబంధం తోచదు. గాలి సోకిందని, చేతబడి అని మంత్రగాళ్ళ దగ్గరికి పోతారు, మంచానికి కట్టేస్తారు. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. ఉద్దేశం మంచిదే. సరఫరా ఆగిన కొద్ది రోజులకే నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు ఇటువంటి రోగులతో నిండిపోయాయి, మరణాలూ సంభవించాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మళ్ళీ జనం పోటెత్తారు. రెండుసార్లూ సరఫరా ఆగింది ప్రభుత్వ నిర్ణయం వల్లనే. ఆ ఊరి ఆసుపత్రిలో మందులు, మంచాలు సిద్ధం చేసే ఆలోచన మాత్రం ముందుగా రాలేదు.

నా అభిప్రాయం ఇది. ఏ మండలంలో దాడులు చేయదలచినా ఎక్సైజు శాఖ ముందుగా జిల్లా వైద్యాధికారికి చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఫిట్స్‌కు ఇంజక్షన్లు, బి1 విటమిన్ ఇంజక్షన్లు ఉండాలి. ఆశా కార్యకర్తలు ఎక్కువగా తాగేవారి ఇళ్ళను ముందే గుర్తించి ఉండాలి. ఇక రెండవది, చెట్టుకూ సీసాకూ లంకె. గీసే చెట్లకు అంకెలు వేయడం మనకు కొత్త కాదు. ప్రతి కల్లు దుకాణం ముందు, ఆ దుకాణానికి ఎన్ని చెట్లున్నాయి, ఏ ఊళ్ళో ఉన్నాయి, ఏ గీత కార్మికులు గీస్తున్నారు, ఈ రోజు ఎన్ని లీటర్లు వచ్చింది అన్న నాలుగు వివరాలు పలక మీద వ్రాయించాలి. చదువు రాని వాడు కూడా ఆ లెక్క పట్టుకోగలడు. చెట్లు చాలవంటే చెరువు కట్టలమీద ఈత, తాటి మొక్కలు పెంచాలి. హరితహారంలో నాటిన ఈతలను బ్రతికించుకోవాలి. అంతవరకు అమ్మకం చెట్ల మేరకే ఉండాలి. గిరాకీ మేరకు కాదు. దీనివల్ల కొందరు పెద్దలకు కోపం వస్తుందని నాకు తెలుసు.

దుకాణదారును మీరు ఈ రోజే అడగవచ్చు: నీ చెట్లు ఎక్కడున్నాయి? చూపించగలిగినవాడు సంతోషంగా చూపిస్తాడు.

మీ ఇంట్లో ఎవరైనా రోజూ దుకాణం కల్లు తాగుతూ ఉంటే, కోపంతో గాని, ఒట్టు వేయించి గాని, మాల వేయించి గాని ఒక్కరోజులో మాన్పించకండి. అలాగని తాగమనీ నేను చెప్పడం లేదు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఎక్కువకాలం పనిచేసే మందు ఇచ్చి, కొన్ని వారాలలో మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించే పద్ధతి ఉన్నది. సలహా కోసం మత్తు విముక్తి జాతీయ సహాయ సంఖ్య 14446కు గాని, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలి మానస్ 14416కు గాని ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు. ఫిట్స్ వస్తే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాలు, గుడ్డలు పెట్టవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం వలన ప్రయోజనం లేదు, ఆ సమయంలో 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో డాక్టరు అడగకపోయినా, ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళ నుండి, చివరిసారి ఎప్పుడు తాగారు అన్న మూడు సంగతులు దాచకుండా చెప్పండి. సీసాలో కాస్త మిగిలి ఉంటే పారబోయకుండా మూత బిగించి వెంట తీసుకువెళ్ళండి.